రోబోలతో పాటు రిపేరు కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మన రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్న వార్తలు 2024లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగినప్పటి నుంచీ చదువుతున్నాను. నేను జీడిమెట్లలో ఫ్యాక్టరీల ఎలక్ట్రానిక్ కార్డులు రిపేరు చేస్తాను. మోటార్లను నడిపే వీఎఫ్‌డీ డ్రైవులు, సర్వో డ్రైవులు, మెషిన్లను ఆటోమేటిక్‌గా నడిపే పీఎల్‌సీల పవర్ సప్లైలు, కంప్యూటర్‌తో లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషిన్ల కార్డులు మా టేబుల్ మీదికి వస్తుంటాయి. ఏఐ వచ్చేసింది కదా, ఈ పనికి ముందుముందు గిరాకీ ఉంటుందా అని కొడుకుని పనిలో పెట్టడానికి వచ్చే ప్రతి తండ్రీ ఇప్పుడు అడుగుతున్నాడు. నాకు తెలిసినంతలో జవాబు చెప్పి, ప్రభుత్వానికి ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం.

మార్పు వచ్చిన మాట నిజం. కొత్త ప్లాంట్లలో మోటార్లకు వైబ్రేషన్, టెంపరేచర్ సెన్సర్లు బిగిస్తున్నారు. బేరింగ్ అరుగుతోందనో, డ్రైవ్ వేడెక్కుతోందనో మెషిన్ ఆగకముందే మెయింటెనెన్స్ వాళ్లకు తెలిసిపోతోంది. అర్ధరాత్రి ఫోన్ వస్తే బండేసుకుని పరిగెత్తే పనులు అలాంటి చోట్ల తగ్గాయి. లోపం ఏంటో చెబుతూ డిస్‌ప్లే మీద వచ్చే ఫాల్ట్ కోడ్ ఫొటో తీసి పెడితే ఏఐ తెలుగులో అర్థం చెబుతోంది. మాన్యువల్ చైనీస్‌లో ఉన్నా మా కుర్రాళ్లకు ఇప్పుడు ఇబ్బంది లేదు. నేనూ రోజూ వాడుతున్నాను, మంచి సాయమే.

అయితే దానికి మనం ఏది ఇస్తే అంతవరకే తెలుస్తుంది. పోయిన చలికాలంలో మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి ఒక డ్రైవ్ వచ్చింది. పొద్దున్నే స్విచ్ వేస్తే డిస్‌ప్లే కూడా వెలగదు. ఎండెక్కాక వేస్తే మామూలుగా నడుస్తుంది. డిస్‌ప్లేనే రానప్పుడు ఫాల్ట్ కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? డ్రైవ్ మొత్తం మార్చేయమని సర్వీసు వాళ్లు చెప్పారట. మా కుర్రాడు మూత విప్పితే లోపలంతా తవుడు దుమ్ము. బ్రష్ పెట్టి ఐపీఏతో (కార్డులు కడిగే ఆల్కహాల్) కడిగి ఆరబెట్టినా తీరు మారలేదు. మిల్లు ఆపరేటర్‌కు ఫోన్ చేసి అడిగితే, ‘చలి ఎక్కువున్న రోజే మొరాయిస్తుంది సార్’ అన్నాడు. ఆ ఒక్క మాటతో దారి దొరికింది. డ్రైవ్ లోపలి చిన్న పవర్ సప్లైలో ఉండే స్టార్టప్ కెపాసిటర్‌కు (స్విచ్ వేయగానే పని మొదలయ్యేందుకు చార్జి నిలిపే చిన్న పార్టు) హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలించి కరెంటు ఇస్తే డిస్‌ప్లే వెలిగింది. ఏళ్ల తరబడి వేడికి కెపాసిటర్ లోపలి ద్రవం ఎండిపోతుంది. అలాంటిది చలిలో చేతులెత్తేస్తుంది, వెచ్చబడితే కాస్త కోలుకుంటుంది. ఊడదీసి, కెపాసిటర్ ఎంత పాడైందో చూపే ఈఎస్ఆర్ మీటర్ పెడితే అనుమానం తీరిపోయింది. పాడైన ఆ పార్టు ఖరీదు కప్పు టీ కన్నా తక్కువ. డ్రైవ్ ఇప్పటికీ నడుస్తోంది.

ఇలాంటి పని ఎటూ పోదు. మన చుట్టుపక్కల మిల్లుల్లో, మందుల కంపెనీల్లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి మెషిన్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటికి సెన్సర్లు లేవు, కంపెనీలు స్పేర్లు ఇవ్వడం ఎప్పుడో మానేశాయి.

నా దిగులు కొత్తగా వచ్చే పిల్లల గురించి. ఫ్యాన్ మార్చడం, ఫ్యూజు చూడటం, పారామీటర్లు (డ్రైవ్ సెట్టింగులు) మళ్లీ వేయడం, లూజు కనెక్షన్ పట్టుకోవడం... మేమంతా ఇలాంటి చిన్న పనుల మీదే చేయి తిప్పుకున్నాం. ఇప్పుడు వాటిని ఫోన్ చూసి ప్లాంట్ ఎలక్ట్రీషియనే చేసేసుకుంటున్నాడు. మా దాకా వచ్చేవన్నీ ముదిరిన కేసులే. సులువైనవి వంద చూడని కుర్రాడి చేతిలో మొదటిరోజే ముదిరిన కేసు పెట్టలేం. అందులో ప్రాణాల మీదికి వచ్చే సంగతి కూడా ఉంది. 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు డ్రైవ్‌లో దాదాపు 585 వోల్టుల డీసీ అవుతుంది. స్విచ్ కట్టేశాక కూడా కొన్ని నిమిషాలు ఆ చార్జి కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. దాన్ని దించే రెసిస్టర్ పోయిందంటే ఇంకా ఎక్కువసేపు. ముందు మీటర్ పెట్టి చూడందే చేయి పెట్టకూడదన్న అలవాటు పక్కన నిలబడి నేర్పేవాళ్లు ఉంటేనే వస్తుంది. నాకు నేర్పిన గురువుగారు ఈసీఐఎల్‌లో రిటైరయ్యారు. నా మీటర్ ప్రోబులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడనిదే డ్రైవ్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

కొత్త సెంటర్లలో ఇండస్ట్రియల్ రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు పెట్టారు, సంతోషం. ఆ రోబోల లోపల ఉండేవీ సర్వో డ్రైవులే, రేపు పాడయ్యేవీ అవే. అందుకని ప్రతి సెంటర్లో ఒక రిపేరు బెంచి పెట్టండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, సిరీస్ బల్బు, ఆసిలోస్కోప్, ఈఎస్ఆర్ మీటర్, హాట్ ఎయిర్ స్టేషన్ ఉంటే చాలు. రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు పిల్లలు వారంలో రెండు రోజులైనా చెడిపోయిన డ్రైవుల మీద కూర్చోవాలి. ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్‌లో రిటైరైన పెద్దలు ఈ నగరంలోనే ఎంతోమంది ఉన్నారు, వాళ్లను గౌరవంగా పిలిచి పాఠాలు చెప్పించండి.

ఇంకో మాట. రిపేరు హక్కు కోసం కేంద్రం 2022లో కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకుంది. ఫ్యాక్టరీ యంత్రాలనూ చేర్చాలి. సర్క్యూట్ డయాగ్రం ఇవ్వక, సాఫ్ట్‌వేర్‌కు పాస్‌వర్డ్ పెట్టి కూర్చుంటే ఎంత పనిమంతుడైనా ఏం చేయగలడు?

బెంచికి చెడిపోయిన డ్రైవులు ఎక్కడి నుంచి తేవాలన్న టెన్షన్ అధికారులకు అక్కర్లేదు. మా షాపులో బాగుచేయడానికి వీల్లేక స్క్రాపుకి పోయేవి నెలనెలా పోగవుతాయి. ఏ ఐటీఐ అడిగినా ఉచితంగా ఇస్తాను, వారానికి ఒక పూట వచ్చి నేర్పుతాను కూడా.

– ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్, జీడిమెట్ల, హైదరాబాద్