బురదలో బండి: తప్పు టైర్లోనే

సంపాదకులకు,

వానాకాలంలో కోనసీమ తోటల్లో అరటి గెలలు రోడ్డెక్కించడం కోతకన్నా పెద్ద పని. గెలలు మోసే చేతిబండి దిగబడితే ఇంకో మనిషిని చేర్చి తోయించడమే అందరికీ తెలిసిన వైద్యం. తోసేకొద్దీ అది ఇంకా దిగుతుంది.

పాతిక కిలోల గెలలు ఆరు, బండి బరువు ముప్ఫై కిలోలు: మొత్తం 180 కిలోలు, అంటే సుమారు 400 పౌండ్లు. టైర్లో ఎంత గాలి ఉంటే నేల మీద దాదాపు అంత ఒత్తిడి పడుతుంది. 30 పౌండ్ల గాలి (చదరపు అంగుళానికి 30 పౌండ్ల ఒత్తిడి) ఉంటే రెండు చక్రాలూ కలిపి నేలను ఆనేది 13 చదరపు అంగుళాలే. 12 పౌండ్లకు దించితే 33 అవుతుంది. అదే బండి, అదే బరువు, గాడి లోతు మాత్రం తగ్గుతుంది. మరీ తగ్గించకూడదు, రిమ్ము మీద టైరు జారి, దాంతో ట్యూబు తిరిగి వాల్వు మెడ తెగుతుంది. రోడ్డెక్కాక మళ్లీ గాలి కొట్టాలి.

సైకిల్ చక్రాలకు ఈ కిటుకు పనిచేయదు, సన్నటి టైరు కత్తిలా కోసుకుపోతుంది. ఆటో టైరు (4.00-8) నాలుగంగుళాల వెడల్పు, పాతవి చవగ్గానే దొరుకుతాయి.

బురదలో బండిని తోయకూడదు, లాగాలి. వంగి తోసేటప్పుడు మన బలంలో కొంత చక్రాన్ని కిందికి నొక్కుతుంది, లాగేటప్పుడు కాస్త పైకి లేపుతుంది. ఒంటి చక్రం బండినైనా వెనక్కి తిప్పి లాగడమే మేలు. రెండు చక్రాల బండిలో గెలలు ఇరుసు మీదే సర్దాలి, పిడి దగ్గర ఐదారు కిలోల బరువు తెలిస్తే చాలు. అడుగున ఎండుటాకు మందంగా పరవకపోతే కుదుపులకు కాయ నల్లబడుతుంది.

దారిలో అరటి బొందలు పరవడం చాలాచోట్ల చూస్తాం. అవి నలిగి సబ్బులా జారతాయి. ఊక కూడా నాని బురదలో కలిసిపోతుంది. కొబ్బరి మట్టలు దారికి అడ్డంగా, ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా పరిస్తే బరువు పంచుకుంటాయి. ఒకే గాడిలో పదే పదే నడపకుండా జానెడు పక్కకు జరుగుతూ పోవాలి.

దిగబడితే ఊపొద్దు. సగం గెలలు దించి, చక్రం ముందున్న బురదను పారతో వాలుగా తీసి, చెక్క పలక దూర్చి లాగితే వస్తుంది.

వెల్డింగు షాపులో బండి చేయించేవారు టైరుకూ చట్రానికీ మధ్య రెండంగుళాల సందు ఉంచమని అడిగి మరీ చేయించుకోవాలి. చెప్పకపోతే ఎవరూ వదలరు, ఇనుము కలిసొస్తుందని దగ్గరగా బిగించేస్తారు. జిగురు మన్ను ఆ ఇరుకులో పేరుకుని చక్రాన్ని తిరగనివ్వదు, బండి చక్రాల్లేని బల్లలా ఈడ్చుకొస్తుంది.

– ఒక అరటి రైతు, కోనసీమ