ఆ పులి దగ్గరే ఆగిపోయావట

అమ్మలూ,

పులిని తగలబెట్టిన అధ్యాయం దగ్గర నవల మూసేశానని, ఇక దాని జోలికి వెళ్ళనని ఫోన్లో అన్నావు. పుస్తకం ఎలాగూ సంక్రాంతికి ఇక్కడే వదిలేసి వెళ్ళావు కదా, నేను మొదలుపెట్టి పూర్తి చేశాను. అమితావ్ ఘోష్ ఇంగ్లీషు నాకంత తేలిగ్గా కొరుకుడు పడలేదు. పక్కన ఫోన్ పెట్టుకుని మాటలకి అర్థాలు వెతుక్కుంటూ చదివాను. లైటు ఆర్పమని మీ నాన్నగారు రోజూ విసుక్కునేవారు. బెంగాల్ మడ అడవుల్లో, అదే సుందరబన్స్‌లో, జరిగే ఈ కథ 'ది హంగ్రీ టైడ్' 2004లో వచ్చిందట, నాకు తెలిసింది మాత్రం నీవల్లే.

నీ ఏడుపు అర్థమైంది. ఆ అధ్యాయం నేనూ ఒక్క బిగిన చదవలేకపోయాను. గేదె ఈనుతున్న పాకలోకి పులి దూరుతుంది. అంతకుముందే అది ఊళ్ళో ఇద్దర్ని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు చిక్కింది కదా, జనం వెదురు గెడలతో పొడిచి కళ్ళు పోగొట్టి, పాకకి నిప్పంటిస్తారు. డాల్ఫిన్ల మీద పరిశోధనకని అమెరికా నుంచి వచ్చిన పియా అడ్డం పడబోతుంది. అన్నాళ్ళూ ఆమెని పడవలో తిప్పి నదినంతా చూపించిన ఫకీరేమో ఆ గుంపులోనే ఉంటాడు. "అతను కూడానా అమ్మా!" అన్నావు చూడు, నిన్ను పొడిచింది పులి చావు కాదు, ఆ మనిషి అటు నిలబడటం.

అక్కడ ఆపేస్తే ఫకీరు నీకు ఎప్పటికీ ఆ గుంపులో మనిషిగానే మిగిలిపోతాడు. వాళ్ళ తాతని పులి ఎత్తుకుపోయింది. తల్లి కుసుమ్ చిన్నపిల్లగా ఒడ్డున నిలబడి అది కళ్ళారా చూసింది. ఆ తల్లినేమో అక్కడి దీవి మరిచ్‌ఝాపి మింగేసింది. ఆ దీవిలో చూసిందంతా రాసుకున్న నిర్మల్ మాస్టారి నోటుపుస్తకం వచ్చే పేజీలు నీకు విసుగనిపించాయన్నావు గానీ నవలకి గుండెకాయ అదే.

మరిచ్‌ఝాపి కల్పన కాదు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన వాళ్ళలో పేదల్ని, ఎక్కువగా దళితుల్ని, దండకారణ్యం శిబిరాలకి తోలేశారు. మల్కాన్‌గిరి కూడా అందులోదే, మన సీలేరు దాటితే వచ్చే ఊరు. నీళ్ళలో పుట్టి పెరిగిన వాళ్ళు ఆ రాతి నేలల్లో ఏం బతుకుతారు? 1977లో బెంగాల్లో వామపక్ష ప్రభుత్వం వచ్చాక, మనల్ని రానిస్తారన్న ఆశతో 1978లో వేలమంది సుందరబన్స్‌కి తరలి వెళ్ళి ఆ దీవిలో గుడిసెలు వేసుకున్నారు. బడి పెట్టుకున్నారు, బోర్లు వేసుకున్నారు, పడవలు కట్టుకున్నారు. ప్రభుత్వం అది రిజర్వు అడవి అంది. 1979 జనవరిలో పోలీసు లాంచీలు దీవిని చుట్టుముట్టాయి. తిండి, నీళ్ళు, మందులు ఆగిపోయాయి. కాల్పులు జరిగాయి. మేలో మిగిలిన వాళ్ళని ఖాళీ చేయించి గుడిసెలు కాల్చేశారు. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు. సర్కారు లెక్క వేళ్ళ మీద ఉంటే, బతికి బయటపడ్డ వాళ్ళ లెక్క వందల్లోనూ వేలల్లోనూ ఉంది.

ఈ దీవి అడవిది, పులులది, ప్రపంచమంతా డబ్బిచ్చి కాపాడుతోంది అని నవల్లో పోలీసులు మైకుల్లో అరుస్తుంటే, ఆకలితో పడున్న కుసుమ్ ఒక మాట అడుగుతుంది. జంతువులంటే ఇంత ప్రేమ ఉన్న ఈ మనుషులెవరు, వాటికోసం మమ్మల్ని చంపడానికి కూడా వెనకాడటం లేదే అని. ఆ పేజీ పక్కన పెన్సిల్ గీత నాదే. నీ పుస్తకం పాడుచేశానని తిట్టకు.

కుసుమ్ మాట విన్నాక పులిని కాల్చడం నాకు మంచి పని అనిపించిందనుకోకు. ఆ కళ్ళు పొడవటం క్రూరమే. కాకపోతే ఆ మంట చుట్టూ చేరిన వాళ్ళకి అదే మొదటి చావు కాదన్నది తెలిసింది.

ఆ సుందరబన్స్‌లో మగవాడు అడవికి వెళ్ళిన రోజు నుంచి తిరిగొచ్చేదాకా ఇంటి ఆడది గాజులు తీసి తెల్లచీరలో ఉంటుందట. బన్‌బీబీకి మొక్కుకుంటారు. హిందువులూ ముస్లింలూ అందరూ మొక్కే అడవి తల్లి ఆవిడ. పర్మిట్ లేకుండా వెళ్ళినవాడిని పులి పట్టుకుంటే ఇంటివాళ్ళు బయటికి చెప్పుకోవడానికి కూడా భయపడతారు. నష్టపరిహారం మాట దేవుడెరుగు.

ఇది చదువుతుంటే 1996 నవంబరు 6 తుఫాను గుర్తొచ్చింది. అప్పుడు నువ్వింకా పుట్టలేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. తెల్లారాక భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. వేటకెళ్ళిన బోట్లు తిరిగి రాలేదు. శవాల లిస్టు అడిగేవారు, అందులో పేరు లేకపోతే సంతోషపడాలో ఏడవాలో తెలియక గుమ్మంలోనే కూలబడేవారు. కొందరు నెలల తరబడి మెట్టెలు తియ్యలేదు. శవం దొరకనప్పుడు మనిషి పోయినట్టు చట్టం ఒప్పుకోవడానికి ఏడేళ్ళు పడుతుంది. ఆ ఏడేళ్ళూ ఇంట్లో వాళ్ళు ఎలా బతకాలో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. నవల చివర్లో తుఫాను వస్తుంది, అది మాత్రం నేను ఆపకుండా చదివాను. మడ చెట్టుకి తమని తాము కట్టుకుని గాలిని కాచుకోవడం మనవైపు వాళ్ళకి కొత్తగా చెప్పాలా?

అన్నట్టు, నిర్మల్ మాస్టారు చిన్నారి ఫకీరుకి ఒక తెల్లదొర కథ చెప్తాడు. కానింగ్ దగ్గర రేవు కట్టొద్దు, తుఫాను కొట్టుకుపోతుందని పిడింగ్టన్ అనే ఆయన మొత్తుకున్నా వినరు. కట్టిన రేవు 1867లో పోయింది. ఆ పిడింగ్టనే 1839 నాటి మన కోరంగి తుఫాను మీద కూడా పరిశోధన రాశాడు.

ఇక మోయినా గురించి నువ్వు ఒక్క ముక్క కూడా అనలేదు. అందరూ పియా, ఫకీరు అంటారు గానీ నాకు నచ్చిన మనిషి ఫకీరు భార్యే. నర్సు ట్రైనింగ్‌లో ఉంది, కొడుకుని ఎలాగైనా చదివించాలని చూస్తుంది. మొగుడు పీతల వేటకి పిల్లాణ్ణి వెంటేసుకుపోతే కోపం. దానికి కోపం రాదూ మరి? మొగుడి తాత కాలం నుంచి నీళ్ళూ అడవీ మింగుతూనే ఉన్నాయి ఆ ఇంట్లో మనుషుల్ని. రచయిత ఆమెని కొంచెం గయ్యాళిగా చూపించాడేమో అనిపించింది. వార్డులో పనిచేసిన వాళ్ళకి ఆ గొంతు తెలుస్తుంది, అది గయ్యాళితనం కాదు, భయం.

వచ్చే నెల పులుల ఫొటోలు తీసే కెమెరా ట్రాప్‌ల పని మీద నల్లమల వెళ్తున్నావు. అక్కడి బేస్ క్యాంపుల్లో మీకు దారి చూపించేది చెంచులే. పులి అడుగు చూసి ఎంతసేపైందో వాళ్ళు చెప్తారు, నువ్వు జీపీఎస్‌లో ఎక్కించుకుంటావు. పులుల కోసం ఊళ్ళు ఖాళీ చెయ్యాలన్న మాట అక్కడా నలుగుతూనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి అంటుంది. ఆ మాట మీద ఎక్కడైనా గొడవ వింటే నీ పనికి సంబంధం లేదని లేచి వచ్చెయ్యకు, కూర్చుని విను. నీ డేటా ఎటు పోతుందో మీ సార్‌ని అడుగు. అడగడానికి మొహమాటమెందుకు?

పుస్తకం రేపు కొరియర్‌లో పంపిస్తున్నాను. చివరిదాకా చదివాక నాతో ఒక దెబ్బలాటకి సిద్ధపడు. చివర్లో ఏమవుతుందో చెప్పేస్తున్నాను, తిట్టుకో: ఫకీరు చనిపోతాడు, పియా బతుకుతుంది. అతను చూపించిన దారులన్నీ ఆమె జీపీఎస్‌లో ఉంటాయి, వాటితో కొత్త ప్రాజెక్టు, దానికి అతని పేరు. అందరూ అది గొప్ప ముగింపంటారు. నాకైతే ఒళ్ళు మండింది. బతికున్నప్పుడు ఆ మనిషికి ఒక కూలీ కట్టారు, పోయాక పేరు పెట్టారు. మోయినాకి ఇల్లు కొనడానికి చందాలు పోగయ్యాయి, సరే. ఆమె ఆ ఇల్లు అడిగిందా? నువ్వైతే పియా పక్షం వహిస్తావని తెలుసు. ఏం రాస్తావో రాయి, చూస్తాను.

మందులు వేసుకుంటున్నాను, అడక్కు.

మీ అమ్మ