ఎప్పుడూ లాక్టిక్ ఆమ్లమేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో వ్యాయామం గురించి ఏ వ్యాసం వచ్చినా నెపమంతా లాక్టిక్ ఆమ్లం మీదకే పోతోంది. కండరం అలిసిందా, లాక్టిక్ ఆమ్లం. మర్నాడు కాళ్లు పట్టేశాయా, మళ్లీ అదే. వ్యాయామం ఆపిన గంట సేపటికల్లా రక్తంలో అది దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మరి రెండో రోజుకి ముదిరే నొప్పికి అదెలా కారణం అవుతుందండీ? అలవాటు లేని పని చేసినప్పుడు కండర పోగులకు తగిలే చిన్న చిన్న దెబ్బలు, వాటి వెనకాలే వచ్చే వాపు, ఆ నొప్పికి కారణాలు అవి. సరే, అది పక్కన పెడదాం. నాకు అసలు చిరాకు ఎక్కడంటే, కండరం పనికి అంత కీలకమైన ఫాస్ఫేట్ ఊసే ఈ వ్యాసాల్లో సరిగ్గా ఉండదు.

ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందని నమ్మారు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, మన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఫాస్ఫేట్ ఎంతుందో రసాయన పరీక్షతో కొలుస్తుంటే, ఫాస్ఫేట్‌ను చూపించే నీలి రంగు వెంటనే రావలసింది కాస్తా మెల్లమెల్లగా తేలింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవారేమో! ఆమ్లంలో నిదానంగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఏదో ఉందని వీళ్లు పట్టుకున్నారు, అదే ఫాస్ఫోక్రియాటిన్. తర్వాత 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం అసలు తయారవ్వకుండా విషం ఎక్కించిన కండరం కూడా పని చేస్తుందని చూపించాడు. ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా పని చేసింది, ఆ తర్వాత బిగుసుకుపోయింది.

ఈ బిగుసుకుపోవడం దగ్గరే మీరు వేసిన బొమ్మ తప్పింది. అందులో మయోసిన్ అనే ప్రొటీన్ తల, యాక్టిన్ అనే మరో ప్రొటీన్ పోగును లాగి కండరాన్ని ముడిచే చోట మాత్రమే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే, ఫాస్ఫేట్‌లున్న అణువు) అని రాశారు. కానీ లాగడం అయ్యాక తల ఆ పోగును వదలాలన్నా కొత్త ఏటీపీ వచ్చి అతుక్కోవాల్సిందే. అది రాకపోతే తల అక్కడే ఇరుక్కుపోతుంది, చనిపోయిన కొన్ని గంటలకి శరీరం కొయ్యబారడం అందుకే. వదిలాక ఏటీపీ విరిగి తల మళ్లీ సిద్ధమవుతుంది, విరిగిన ముక్కల్లో ఫాస్ఫేట్ జారిపోయేటప్పుడే లాగే ఊపు వస్తుంది. ఇంకో సంగతి, కండరం సడలాలంటే, ముడుచుకోమని చెప్పడానికి బయటికొచ్చిన కాల్షియాన్ని తిరిగి కణంలోని దాని నిల్వ గదిలోకి తోసే పంపులుంటాయి, వాటికీ ఏటీపీయే కావాలి. అంటే విశ్రాంతికి కూడా ఖర్చు ఉందన్నమాట.

కండరంలో ఏటీపీ నిల్వ మహా అయితే కొన్ని సెకన్ల గట్టి పనికి వస్తుంది. అది తరిగే కొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను చేబదులుగా ఇచ్చి ఏటీపీని మళ్లీ తయారుచేస్తూ ఓ పది సెకన్ల దాకా లాక్కొస్తుంది, 100 మీటర్ల పరుగుకి ముఖ్యమైన ఆసరా అదే. ఆ నిల్వ మళ్లీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది కాబట్టే పెద్ద బరువులు ఎత్తేవాళ్లు మధ్యలో అంతసేపు ఆగుతారు, బద్ధకం కాదు.

ఇక అలసట. ఫాస్ఫోక్రియాటిన్ విరిగే కొద్దీ కణంలో విడి ఫాస్ఫేట్ పోగుపడుతుంది. మయోసిన్ తల నుంచి ఫాస్ఫేట్ జారిపోవడమే ఊపు అన్నాను కదా, చుట్టూ అదే నిండిపోతే జారడం కష్టమై లాగే బలం తగ్గుతుంది. అలసటకు ఇదొక్కటే కారణమని అనను, చాలా ఉన్నాయి, కానీ లాక్టిక్ ఆమ్లం కంటే ముందు చెప్పాల్సింది దీన్ని. వీలుంటే ఆ బొమ్మ సరిచేసి మళ్లీ వేయించండి, పరీక్షలకు చదివే పిల్లలు మీ పేజీ కత్తిరించి దాచుకుంటారు.

— ఓ జీవశాస్త్రం టీచర్