క్యాబినెట్ టూల్‌లెస్ అయినా హార్డ్ డిస్కుకి స్క్రూలే బిగిస్తాం

గవర్నర్‌పేటలోని మా షాపులో సిస్టం చేయించుకున్నవాళ్లకీ చేయించుకోబోయేవాళ్లకీ ఒక మాట సూటిగా చెప్పాలండి. ఈ నెల నుంచి మా దగ్గర అసెంబుల్ చేసే ప్రతి సిస్టంలో, క్యాబినెట్ టూల్‌లెస్ అయినా, అంటే స్క్రూ డ్రైవర్ లేకుండా బిగించేదైనా సరే, హార్డ్ డిస్కుని స్క్రూలతోనే బిగించి ఇస్తాం. దీనికి అదనంగా ఏమీ తీసుకోం, కాకపోతే డెలివరీ ఒక పూట అటూ ఇటూ కావచ్చు.

"స్క్రూ డ్రైవర్ అక్కర్లేదని డబ్బా మీదే రాసుంది కదా, మళ్లీ ఈ స్క్రూలెందుకు" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. టూల్‌లెస్ ట్రే అంటే సన్నటి ప్లాస్టిక్ చట్రం, దాని పక్కల చిన్న చిన్న పిన్నులు, పిన్నుల చుట్టూ రబ్బరు రింగులు ఉంటాయి. ఒక వైపు పిన్నులు డిస్కు పక్క హోల్స్‌లో పెట్టి, రెండో వైపు చట్రాన్ని వేళ్లతో కొద్దిగా బయటికి లాగి వదిలితే టక్కున కూర్చుంటుంది. సిస్టం టేబుల్ మీద కదలకుండా ఉన్నంతకాలం బాగానే పనిచేస్తుంది, డిస్కు తిరిగేటప్పుడు వచ్చే గుయ్‌మనే శబ్దాన్ని ఆ రబ్బరు తగ్గిస్తుంది కూడా. చిక్కంతా సిస్టం ప్రయాణం చేసినప్పుడే. తెనాలికో మచిలీపట్నానికో పార్సిల్ వేసిన డబ్బాని ఎవరు ఎలా దించుతారో మన చేతిలో లేదు. ముప్పావు కేజీ దాకా బరువుండే డిస్కు ఒక్క కుదుపుకి ముందుకి తోసుకొస్తే ఆపాల్సింది ఆ ప్లాస్టిక్ పిన్నులే, పైగా ఏళ్ల తరబడి మన బెజవాడ ఎండల వేడి తిన్న ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది.

ఇంకో సంగతి, ఇది స్టూడియోలవాళ్లు తప్పకుండా చూసుకోవాలి. పెళ్లి వీడియోల కోసం మీరు తీసుకునే పెద్ద కెపాసిటీ డిస్కుల్లో చాలావాటికి పక్కన మధ్య హోల్ ఉండదు. పాత డిస్కులకి ఒక్కో పక్క మూడుండేవి, వీటికి ముందొకటి వెనకొకటి, అంతే. మధ్య హోల్‌లో కూర్చునే పిన్ను ఉన్న ట్రే అయితే ఆ పిన్నుకి చోటే దొరకదు, చట్రం ఒక పక్క ఉబ్బి డిస్కు వంకరగా నిలబడుతుంది. చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే ఊగుతుంది. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 చుట్లు. అలాంటివి రెండు మూడు పక్కపక్కన ఊగుతుంటే ఒకదాని వణుకు ఇంకోదాంట్లో డేటా చదివే హెడ్‌కి ఇబ్బంది.

స్క్రూలు బిగిస్తే శబ్దం కాస్త పెరుగుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాం. అందుకే ట్రే అడుగున రబ్బరు వాషర్ పట్టే చోటుంటే అది వేసే బిగిస్తాం, చోటున్న క్యాబినెట్లలో రెండు డిస్కుల మధ్య ఒక డిస్కు పట్టే అరని ఖాళీగా వదులుతాం. చాలా డెస్క్‌టాప్ డిస్కులకి కంపెనీ చెప్పే వేడి హద్దు 60 డిగ్రీలు, మే నెలలో ఏసీ లేని గదిలో ఆ ఖాళీ చాలా అవసరం.

చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి ఇంత హడావుడి లేదు, లోపల తిరిగేది ఏమీ లేదు కాబట్టి అది క్లిప్పులో ఉన్నా ఫర్వాలేదు. ఇంట్లో మీరే బిగించుకునేటట్టయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, హార్డ్ డిస్కు స్క్రూ మరలు ముతకగా ఉంటాయి, ఎస్‌ఎస్‌డీ స్క్రూవి సన్నగా ఉంటాయి. ఒకదాని స్క్రూని ఇంకోదాంట్లో బలవంతంగా తిప్పితే మర పోతుంది. చేతికి దొరికింది కదా అని పొడవు స్క్రూ అసలు వేయకండి, లోపలికి దిగి డిస్కునే పాడుచేస్తుంది.

తరచూ డిస్కులు మార్చే పనుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, సిస్టం షాపులోనే మీ చేతికిచ్చేటట్టయితే ట్రేలు అలాగే ఉంచుతాం. ఇంతకుముందు మా దగ్గర తీసుకున్నవాళ్లు ఎవరైనా సరే సిస్టం పట్టుకొస్తే ఉచితంగా బిగించి పంపుతాం. సాయంత్రాలు రద్దీగా ఉంటుంది, ఉదయం పూట రండి, బయల్దేరేముందు డేటా బ్యాకప్ తీసుకుని, బండి మీదైతే క్యాబినెట్‌ని నిలబెట్టి పట్టుకుని రండి.