వార్షిక నివేదిక: బ్రౌన్ దొరతో గడిపిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సాహితీ సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదించుకుందాం. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే ఎంవీపీ కాలనీలో జరిగాయి. తుపాను హెచ్చరిక ఉన్న నెలలో మాత్రం వాయిదా వేశాం. పిల్లల పద్యాల పోటీకి ఈసారి కుర్చీలు చాలలేదు.

ఏడాది పొడవునా చదవడానికి తెలుగు నిఘంటువు కూర్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సీపీ బ్రౌన్‌ని తీసుకున్నప్పుడు, నిఘంటువు గురించి పన్నెండు నెలలు ఏం మాట్లాడతామని కొందరు అడిగారు. మేం తీసుకున్నది నిఘంటువు తర్వాతి బ్రౌన్‌ని, ఇంకా చెప్పాలంటే నిఘంటువు పక్కనే ఉండి మన కంట పడని బ్రౌన్‌ని. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో కడప వచ్చిన సంగతి, 1829 వేమన పద్యాలు, 1840 వ్యాకరణం, 1852 నిఘంటువు మనలో చాలామందికి తెలుసు. 1849లో ఆయన మద్రాసులో అచ్చు వేయించిన మరో పుస్తకం ఉంది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల జీవితాల గురించి పుంగనూరు రామచంద్రరావు మరాఠీలో రాసినదాన్ని బ్రౌన్ ఇంగ్లీషులోకి తెచ్చి, తన వ్యాఖ్యలు చేర్చారు. 1853లో అనంతపురం రాజుల చరిత్రను తెలుగు నుంచి ఇంగ్లీషు చేశారు. భాష మనిషి రాజుల చరిత్రల దగ్గరికి ఎలా వెళ్లాడన్నదే మా ఏడాది ప్రశ్న.

దారి మార్చలేదనే నా అభిప్రాయం. కడప బంగళాలో ఆయన పని పద్ధతి చూడండి. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. వాటిని పోల్చి పాఠభేదాలు రాయించేవారు. పండితులు కూర్చుని ఏది సరైన పాఠమో తేల్చేవారు. ఆ పండితుల జీతాల కోసం బ్రౌన్ అప్పులు కూడా చేశారు. ఒక్క ప్రతిని నమ్మని మనిషి, ఒక్క కథకుడు చెప్పిన తేదీని ఊరికే నమ్ముతాడా? 1863లో హిందూ, మహమ్మదీయ కాలగణన పద్ధతులను వివరిస్తూ లండన్‌లో పుస్తకం వేశారంటే, పాత చరిత్రల్లో తేదీలు ఎంత చిక్కు పెడతాయో ఆయనకు అనుభవంలోకి వచ్చే ఉంటుంది.

ఈ చిక్కేమిటో తెలియాలని ఒక సమావేశం పూర్తిగా లెక్కలకే ఇచ్చాం. మన సభ్యులైన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తెలుగు సంవత్సరాల పేర్లు బోర్డు మీద రాసి, ఎదురుగా ఇంగ్లీషు సంవత్సరాలు వేయించారు. హైదర్ 1782 డిసెంబర్ 7న చనిపోయారు, ఆ ఏడాది శుభకృత్. 2022 ఉగాదితో వచ్చిందీ శుభకృతే, మధ్యలో చక్రం నాలుగుసార్లు తిరిగింది. టిప్పు శ్రీరంగపట్నంలో నేలకొరిగిన 1799 మే 4 సిద్ధార్థిలో పడుతుంది. పాత రాతలో ఉత్త ‘సిద్ధార్థి’ అని ఉంటే 1739 కావచ్చు, 1799 కావచ్చు. నెల లేకపోతే ఇంకో తంటా, ఉగాదికి ముందు జనవరి, ఫిబ్రవరి నెలలు వెనకటి పేరు కిందికి పోతాయి. టెన్త్ పిల్లలు పెద్దలకంటే ముందే లెక్క తేల్చేశారు. నాకు ఈ ఏడాది అన్నిటికంటే నచ్చిన సాయంత్రం ఇదే.

వాదనలూ జరిగాయి. టిప్పును ఓడించింది ఈస్టిండియా కంపెనీ సైన్యం. అది జరిగిన యాభై ఏళ్లకు అదే కంపెనీ ఉద్యోగి ఆయన జీవితాన్ని అనువదించి వ్యాఖ్యలు రాస్తే ఎంతవరకు నమ్మాలని ఒక సభ్యురాలు గట్టిగా అడిగారు. సరైన ప్రశ్నే. బ్రౌన్ మీద గౌరవం ఉన్నవాళ్లమే ఆ వ్యాఖ్యల్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి, పక్కన వేరే ఆధారాలు పెట్టుకోవాలి. ఆయన పండితులకు నేర్పించిన పద్ధతి ఆయన పుస్తకానికీ వర్తించాలి కదా.

శీతాకాలంలో కొందరం తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో కడప వెళ్లి, బ్రౌన్ బంగళా ఉన్నచోట కట్టిన గ్రంథాలయం చూసొచ్చాం. దాని వెనక రచయిత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల ఎంతో ఉంది. తాటాకుల్ని అంత దగ్గరగా చూడటం చాలామందికి మొదటిసారి. గంటంతో గీసిన గీతల్లో మసి నిలిచి, అక్షరం నల్లగా పైకి తేలుతుంది. మన ఊరి సముద్రపు గాలికి అట్టలు బూజు పట్టిన మన బీరువా పుస్తకాలు గుర్తొచ్చాయి. తిరిగి రాగానే వాటిని ఎండలో ఆరబెట్టి, బీరువాను గోడకు దూరంగా జరిపించాం. కొత్త బీరువాకు విరాళాలు కావాలి.

వచ్చే ఏడాది బ్రౌన్ తన సాహిత్య జీవితం గురించి 1866లో స్వయంగా రాసుకున్న చిన్న పుస్తకంతో మొదలుపెడదాం. ఇంగ్లీషులో ఉంది కాబట్టి, నెలకు కొన్ని పేజీలు తెలుగులో చెప్పడానికి ఇద్దరు ముందుకొచ్చారు, మరో ఇద్దరు కావాలి. జిరాక్స్ ప్రతులు కావలసినవారు సర్వసభ్య సమావేశం లోపు పేరు ఇవ్వండి. సభ్యత్వ రుసుము పెంచడం లేదు.

మీ
కార్యదర్శి
విశాఖపట్నం