మైదానంలోని గిరిజనులను ఈసారైనా సరిగా లెక్కించండి

గిరిజన సంక్షేమ శాఖ మంత్రి శ్రీమతి గుమ్మిడి సంధ్యారాణి గారికి నమస్కారాలు.

మన రాష్ట్రంలో గిరిజనుల ప్రస్తావన వస్తే మాట సహజంగానే పాడేరు, సీతంపేట, రంపచోడవరం వైపు మళ్లుతుంది. సాలూరు నుంచి శాసనసభకు ఎన్నికైన మీకు మన్యం కష్టాలు, డోలీ మోతలు ఒకరు చెప్పవలసినవి కావు. మన్యానికి దక్కే నిధుల్లో ఒక్క రూపాయి తగ్గించమని నేను అడగడం లేదు. అయితే ఏజెన్సీ అనే కొండ ప్రాంతాన్నే గిరిజన రాష్ట్రంగా భావించే అలవాటు మన పాలనలో పాతుకుపోయింది కనుక, దానివల్ల లెక్కకు రాకుండా పోతున్న మైదాన గిరిజనుల గురించి, ముఖ్యంగా యానాదుల గురించి ఈ లేఖ రాస్తున్నాను.

2011 జనగణన ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగలవారు దాదాపు 27.39 లక్షలు, అంటే రాష్ట్ర జనాభాలో 5.5 శాతం. వారిలో అతిపెద్ద తెగ సవరలో కొండదొరలో కాదు, యానాదులు. ఐదు లక్షలు దాటిన ఈ తెగవారు అత్యధికంగా పాత నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా, చిత్తూరు జిల్లాల మైదానాల్లోనే ఉన్నారు. అప్పటి నెల్లూరు జిల్లాలో గిరిజన జనాభా సుమారు 2.86 లక్షలు కాగా, అదే లెక్కలో విజయనగరం జిల్లాలో 2.36 లక్షలు, శ్రీకాకుళం జిల్లాలో 1.66 లక్షలు మాత్రమే. అయినా నెల్లూరును గిరిజన జిల్లాగా ఎవరూ తలచరు. రాజ్యాంగం గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఇచ్చే అయిదో షెడ్యూలు ప్రాంతం అక్కడ ఒక్క ఎకరం కూడా లేదు కాబట్టి, ఆ ప్రాంతాల్లో భూములు గిరిజనేతరుల పాలు కాకుండా ఆపే 1/70 చట్టం గానీ, గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం గానీ యానాది గడప తొక్కవు.

యానాదుల కోసం నెల్లూరులో ప్రత్యేకంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్న మాట నిజమే. చిక్కంతా పథకాల కొలమానంలో ఉంది. గిరిజన గ్రామాల అభివృద్ధికి 2024లో కేంద్రం ప్రారంభించిన ధర్తీ ఆబా వంటి కార్యక్రమాలు ప్రధానంగా గిరిజనులు సగానికి మించి ఉన్న గ్రామాలను ఎంచుకుంటాయి. కొండమీద ఒక గూడెమంతా ఒకే తెగవారు ఉంటారు కనుక అక్కడ ఆ నిబంధన సరిపోతుంది. యానాదుల సంగతి వేరు. పెద్ద ఊరికి దూరంగా, చెరువుకట్ట కిందనో కాలువ గట్టునో పాతిక ముప్పై ఇళ్లుగా ఉంటారు, ఊరి మొత్తం జనాభాలో ఎప్పుడూ మైనారిటీయే. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్నంత కాలం ఐదు లక్షల మంది ఉన్న తెగ కూడా శాతాల లెక్కలో కరిగిపోతూనే ఉంటుంది. కేంద్రం మరో పథకం పీఎం జన్‌మన్ కూడా వారికి అందదు, ఎందుకంటే అది మన రాష్ట్రంలో చెంచులు, కొండరెడ్ల వంటి ప్రత్యేకంగా బలహీనమైన తెగలకే పరిమితం.

వీరి చెదురుదనానికి చరిత్ర ఉంది. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా అడవిని, పులికాట్ సరస్సును నమ్ముకుని బతికిన యానాదులు, 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక తమ చోటు వదులుకోవలసి వచ్చింది. మిగిలినచోట్ల చేపలవేట, వరిపొలాల్లో ఎలుకలు పట్టడం, తోటల కాపలా జీవనాధారంగా ఉండేవి. ఇప్పుడు రొయ్యల గుంటల కాపలా, ఇటుక బట్టీలు, బాతులు మేపడం ఆ స్థానంలోకి వచ్చాయి. ఈ పనుల్లో అడ్వాన్సు పేరుతో ముందు తీసుకున్న డబ్బే సంకెల. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చినా, అప్పుకు హామీగా బాతుల యజమాని దగ్గర విడిచిపెట్టిన ఒక యానాది బాలుడు మరణించిన వార్తను మనం 2025లో చదివాం. అలాంటి కుటుంబానికి ఆధార్ లేదు, కుల ధ్రువపత్రం లేదు అని అధికారులు తాపీగా చెప్పడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. పత్రం కోసం వాళ్లు రావాలా, పత్రమే వాళ్ల దగ్గరకు వెళ్లాలా?

ఇక తక్షణ విషయం. జనగణనలో జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో జరగనుంది, కులాల వివరాలు కూడా నమోదవుతాయి. ఫిబ్రవరి అంటే ఇటుక బట్టీలు ముమ్మరంగా నడిచే కాలం. కాలనీ తాళం వేసి ఉంటుంది, మనుషులు పక్క జిల్లాలోనో తమిళనాడులోనో ఉంటారు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది; తమిళనాడు జాబితాలో యానాదులు లేరు. అక్కడి బట్టీలో ఉండగా నమోదైన కుటుంబం గిరిజనుల లెక్కలోకి రాదు, మన రాష్ట్రం లెక్కలోకీ రాదు. నియోజకవర్గాల రిజర్వేషన్ నుంచి గిరిజనుల కోసం బడ్జెట్‌లో విడిగా కేటాయించే ఉప ప్రణాళిక నిధుల దాకా జనాభా నిష్పత్తే ఆధారమైనప్పుడు ఈ నష్టం కాగితం మీదది కాదు.

అందువల్ల ఫిబ్రవరికి ముందే ఐటీడీఏ ద్వారా మైదాన జిల్లాల్లోని ప్రతి యానాది, ఎరుకల కాలనీని పేరుతో, హద్దులతో జాబితా చేయించి, దానిని జనగణన అధికారులకు అందజేయండి. బట్టీలకు, రొయ్యల గుంటలకు వలస వెళ్లిన కుటుంబాల వివరాలు కార్మిక శాఖతో కలిసి సేకరించి, తమిళనాడు ప్రభుత్వంతో మాట్లాడండి. లెక్కింపు సిబ్బందికి తోడుగా ఆ కాలనీల్లో చదువుకున్న యువతను నియమించమని కోరండి. ఏ గట్టు మీద ఎన్ని గుడిసెలున్నాయో వాళ్లకే తెలుస్తుంది. మన రాష్ట్ర నిధులతో నడిచే పథకాల వరకైనా గ్రామానికి బదులు కాలనీని యూనిట్‌గా గుర్తిస్తూ ఉత్తర్వులు ఇవ్వడం మీ శాఖ చేతిలో పనే.

మరొక విన్నపం. 2011లో రాష్ట్ర గిరిజనుల అక్షరాస్యత 49 శాతం దగ్గర ఉంటే, మొత్తం రాష్ట్రానిది 67 శాతం. ఆ 49లో ఏజెన్సీలోని బగత తెగవారు ఎక్కడున్నారో, యానాదులు ఎక్కడున్నారో ఒకే సగటు చెప్పదు. బడి హాజరు, ఇంటి పట్టా, ఆధార్, రేషన్ కార్డు వివరాలను తెగలవారీగా విడదీసి ఏటా శాసనసభ ముందు ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
నెల్లూరు జిల్లా వాసి ఒకరు