ఊకెనే రాస్తున్న బిడ్డా

శివనగర్, వరంగల్
8 ఫిబ్రవరి 2026, ఆదివారం

బిడ్డా స్రవంతీ,

మంచిగున్నవా. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. ఊకెనే రాస్తున్న, ఏమో అయిందని బుగులు పడకు. ఫోన్ల మాట్లాడితే నా గొంతు పెద్దగైతది, నువ్వు "సరే బాపూ, క్లాసుంది" అని పెట్టేస్తవ్. అది గూడ ఇరవై రెండు రోజుల కిందటి మాట. ఆ తర్వాత వచ్చినవన్నీ బొటనవేలు బొమ్మలే. తిన్నవా అని అమ్మ పెడితే బొటనవేలు. పరీక్ష ఎట్లయింది అని నేను పెడితే బొటనవేలు. తిన్ననని అర్థమా, పరీక్ష మంచిగైందని అర్థమా, చూసిన ఇగ ఊకోండ్రి అని అర్థమా, మాకెట్ల తెలుస్తది? అందుకే కాయితం తీసిన.

అమ్మ, చిన్నత్త, రాజయ్య మామ వాళ్లు మేడారం పోయొచ్చిండ్రు. నేను పోలే, మిర్చి సీజన్ గద. నీకు సీటు వచ్చినప్పుడు తల్లులకు నీ ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తనని అమ్మ మొక్కుకున్నది, యాదికున్నదా? నువ్వు లేకపోతివి. దసరాకు వచ్చినప్పుడు 46 కిలోలున్న అన్నవట. అమ్మ 48 కిలోల బెల్లం తూకం వేయించింది, అక్కడి రొట్టెలు తిని రెండు కిలోలన్న పెరిగి ఉంటది నా బిడ్డ అనుకుంట. నిజంగ పెరిగినవా? సమ్మక్క తల్లి ముంగట అమ్మ చెప్పిన లెక్క తప్పు కావద్దు. రాత్రి బువ్వ మానకు.

జాతరకు పోయే బస్సుల కాజీపేట అత్తమ్మ అమ్మ పక్కన కూసున్నదట. ఆమె కార్తీక్ గూడ ఢిల్లీ దిక్కే ఉన్నడు గద, ఆయనకు ఎవరో చెప్పిండ్రట. "మీ స్రవంతి ఎకనామిక్స్ ఇడిసిపెట్టిందట, ఏదో ఆంత్రోపాలజీ అట, దానికి తోడు నాటకాలు గూడ అట" అన్నదట. అమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు ఏమనలే. మూడోనాడు వంకాయలు కోసుకుంట "ఆంత్రోపాలజీ అంటే డాక్టరు చదువా?" అని అడిగింది. నాకు తెల్వదన్న. నిజంగనే తెల్వదు అప్పటికి.

ఎవరో అన్న మాట పట్టుకోని నేను ఏం అంటలేను. అది పక్కకు పెట్టు.

మిర్చి యార్డుకు పొద్దుగాల ఐదింటికే పోతున్న. ఈసారి తేజ రకం మంచిగ వస్తున్నది, దేశీ రకం తక్కువ. మన చపాట మిర్చికి పోయినేడు జీఐ గుర్తింపు, ఇది ఈ దిక్కు సరుకే అని ముద్ర, వచ్చింది గద, ఇప్పుడు దాన్ని చూడనీకి కొత్త కొత్తోళ్లు వస్తున్నరు. టమాట లెక్క గుండ్రంగ, చేతుల పట్టుకుంటే రంగు అంటుకునేటట్టు ఉంటది, కారం తక్కువ. నువ్వు చిన్నప్పుడు గోరింటాకు అనుకోని చేతులకు రుద్దుకున్నవ్, కండ్లల్ల పెట్టుకోని రాత్రంత ఏడ్చినవ్.

నీకొక సంగతి చెప్పాలె అనుకున్న. నువ్వు మొదటేడు ఎకనామిక్స్ పాఠం చెప్పినవ్, సరుకు తక్కువుంటే ధర ఎక్కుతది, ఎక్కువుంటే దిగుతది అని. కాయితం మీద రెండు గీతలు గీసి చూపిచ్చినవ్. అది నిజమే, యార్డుల వేలం జెండా పాట దగ్గర రోజూ చూస్తున్న. కానీ ముప్పై ఏండ్ల సంది సేటు దుకాణంల తక్‌పట్టీలు, రైతుల అమ్మకం లెక్క చీటీలు, రాసిన నా చేయికి ఇంకోటి గూడ తెలుసు. ఒక రైతు నాలుగు బస్తాలు తెస్తడు. పక్క దుకాణంల వంద రూపాయలు ఎక్కువ పలుకుతున్నదని తెల్సి గూడ మా దుకాణంలనే దించుతడు. ఎందుకంటే బిడ్డ పెండ్లికి మా సేటు పైసలు ఇచ్చిండు, ఆయన తండ్రి వీళ్ల తండ్రికి ఇచ్చిండు. ఆ మాట నీ రెండు గీతలల్ల ఎక్కడున్నది? ఏ సబ్జెక్టులకు వస్తది అది? చాలా రోజుల సంది అడగాలె అనుకుంటున్న.

మొన్న మంగళవారం యార్డు తొందరగ అయిపోతే మన రిటైర్డు లెక్చరర్ సార్ ఇంటికి పోయిన. షుగర్ ఎక్కువైంది ఆయనకు, చూసొద్దామని పోయిన. మాటల మీద మాట వచ్చి, మీది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటరు గద, ఆ సంగతి అడిగిన. రెండు గంటలు చెప్పిండు సార్, నేను తక్‌పట్టీ బుక్కు వెనుక రాసుకున్న.

లిబరల్ అంటే ఉదారం అని అనుకున్న నేను. కాదట. లాటిన్ భాషల లిబర్ అంటే స్వేచ్ఛ ఉన్నోడు. బానిస కానోడు నేర్చుకునే చదువు అని దానికి పేరు. యూరప్‌ల పాతకాలంల ఏడు విద్యలు ఉండెనట: వ్యాకరణం, తర్కం, మంచిగ మాట్లాడుడు, ఆ తర్వాత అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. ఇప్పుడు ఒక్కో కాలేజీది ఒక్కో పద్ధతి అన్నడు. అమెరికల ఆమ్‌హర్స్ట్ కాలేజీల మొదటేడు ఒక సెమినారు తప్ప తప్పనిసరి సబ్జెక్టే లేదట, అంత పిల్లల ఇష్టం. సెయింట్ జాన్స్ అనే ఇంకో కాలేజీల దానికి ఉల్టా, మేజరే లేదు, అంటే ముఖ్యమైన సబ్జెక్టు అని ఒకటి ఎంచుకునుడే లేదు, నాలుగేండ్లు అందరు అవే పాత పుస్తకాలు చదువుడు, యూక్లిడ్ రేఖాగణితం కాడికెళ్లి మొదలు. మీది ఈ రెండిటికీ నడుమ అన్నట్టు. ముందు ఫౌండేషన్ కోర్సులు, రెండో ఏడుల మేజరు రాసిచ్చుడు, దానికి తోడు మైనరు. నువ్విప్పుడు నాలుగో సెమిస్టరు. అంటే కాయితం రాసిచ్చే యాల్ల ఇదే.

మన దిక్కు గూడ అసొంటోళ్లు లేకుంట లేరు. కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల సైన్యానికి పెద్ద జాయప సేనాని. యుద్ధాలు చేసిన మనిషి, 1253-54ల నృత్తరత్నావళి అని నాట్యం మీద సంస్కృతంల గ్రంథం రాసిండు. నీ తొమ్మిదో తరగతిల రామప్పకు పోయినప్పుడు స్తంభాల మీద నాట్యం చేసేటోళ్ల బొమ్మల కింద నిలబడి నువ్వు గూడ చెయ్యి వంచి ఫోటో దిగినవ్. ఆ ఫోటో ఫ్రిజ్ మీదనే ఉన్నది. నాటకాల మాట విన్నప్పుడు నేను దాని దిక్కే చూసిన.

ఆంత్రోపాలజీ అంటే ఏందో గూడ సార్‌నే అడిగిన. మనుషుల నడుమ పోయి, వాళ్ల బువ్వ తిని, వాళ్ల భాష నేర్చుకోని, వాళ్లు ఎట్ల బతుకుతరో రాసుడు అన్నడు. మన ఆదిలాబాద్ దిక్కే జరిగిన ముచ్చట చెప్పిండు. 1940 సంవత్సరంల కొమురం భీం చనిపోయినంక, గోండులకు ఎందుకు కోపం వచ్చిందో తెలుసుకోనీకి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అని ఒక ఆస్ట్రియా దేశపు ఆయనను పంపిందట. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్, మార్లవాయిల గుడిసె వేసుకోని ఉన్నరు. గోండి నేర్చుకున్నరు. ఆ భాషల వాచకాలు తయారు చేయించి బడి పెట్టిచ్చిండ్రు, భూములకు పట్టాలు ఇప్పిచ్చిండ్రు. తర్వాత ఉస్మానియాల ప్రొఫెసర్ గూడ అయిండు. ఆ ఇద్దరి సమాధులు మార్లవాయిలనే ఉన్నయి, గోండులు ఇప్పటికీ ఏటేటా వాళ్లను తలుసుకుంటరు. ఇది విన్నంక బండి మీద ఇంటికి వచ్చుకుంట అదే ఆలోచించిన. ఒక చదువు చదివినోడి కోసం పరాయి ఊరు ఇన్నేండ్లు దండ వేస్తదా అని.

అట్లని అడివిల గుడిసె వేసుకుంటనని అనకు. దోమలు ఉంటయి, నీకు మలేరియా ఒకసారి వచ్చింది.

చదువు చెప్పుడు నా పని కాదు, కానీ రెండు మాటలు విను. ఏది తీసుకున్నా లెక్కలు ఇడవకు, స్టాటిస్టిక్స్ కోర్సు ఒకటన్న ఉంచుకో, మనుషుల గురించి రాసేటోళ్లకు గూడ లెక్క కావాలె. సివిల్స్ పరీక్షల ఆంత్రోపాలజీ ఆప్షనల్ ఉన్నదట, సార్ చెప్పిండు, అది గూడ మనసుల పెట్టుకో. కొత్త పద్ధతిల ఏడాదికి సర్టిఫికెట్, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు డిగ్రీ ఇచ్చి పంపుతరట. నువ్వు నడుమల దిగకు. నాలుగో ఏడు గూడ చదివి ఆనర్స్ తీసుకోనే రా. ఫీజుల ముప్పావు వంతు వాళ్లే మాఫీ చేసిండ్రు, మిగిలిన దానికి నేనున్న. బ్యాంకు లోన్ సంగతి నీకు రంది వద్దు. పొద్దున లేవంగనే ఫోను చూడకు. సీనియర్లతోని రాత్రి బయటికి పోతే ఎవరికన్న చెప్పి పో. మల్ల ఉపన్యాసం అయింది, అమ్మ వంటింట్లకెళ్లి "సాలు" అంటున్నది.

ఇది మాత్రం చెప్పాలె. నీకు ఇప్పటి దాక చెప్పలే.

1989ల తాత నన్ను హన్మకొండల ఇంటర్ ఎంపీసీల చేర్పిచ్చిండు. ఊర్ల అందరికీ మా పిలగాడు ఇంజనీరు అని చెప్పుకున్నడు. నాకు లెక్కలు ఎక్కలే. రెండు నెలలు చూసి, ఆఫీసుల బతిమిలాడి హెచ్ఈసీకి, అంటే చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ దిక్కు మారిన. ఇంటికి చెప్పలే. దసరాకు పోతే "లెక్కలు ఎట్లున్నయి రా" అని తాత అడిగిండు, మంచిగున్నయి అన్న. సంక్రాంతికి అడిగిండు, మంచిగున్నయి అన్న. అబద్ధాన్ని గూడ సాకాలె బిడ్డా, దానికి పూటపూటకు మేత వేయాలె. నిద్ర పట్టేది కాదు. ఊరి నుంచి ఎవరన్న బస్టాండ్ల కనపడితే సందులకు తప్పుకునేటోన్ని.

ఇదే ఫిబ్రవరిల ఒకనాడు తాత చెప్పకుంట వచ్చిండు, నర్సంపేట ఫస్టు బస్సుకు. నేను వచ్చే వరకు రూముల చాప మీద కూసున్నడు. పక్కన బియ్యం మూట, కారం పచ్చడి సీసా. అంగీ విప్పి గోడకు తగిలేసిండు. మూట తాడు ఒత్తుకోని భుజం మీద ఎర్రటి గీత, వేలంత మందం. ఒడిల నా పుస్తకం. తాతది ఉర్దూల నాలుగో తరగతి గద, తెలుగు కూడబలుక్కోని చదివేటోడు. వేలు పెట్టి చదువుతున్నడు, "కా... క... తీ..." అని. తలెత్తి "ఇది లెక్కల పుస్తకమా రా?" అన్నడు. నా నోట్లకెళ్లి మాట రాలే.

కొడతడు అనుకున్న. అంగీ తొడుక్కోని "నడువు" అన్నడు. వేయి స్తంభాల గుడికి తోల్కపోయిండు. నంది దగ్గర కూసున్నం. "ఏం నేర్పిండ్రో చెప్పు" అన్నడు. నేను వణుక్కుంటనే చెప్పిన. ఈ గుడి 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిండు అన్న. గణపతిదేవుడు వచ్చిండు, చెరువులు తవ్విచ్చిండ్రు, రామప్ప, లక్నవరం, పాకాల అన్న. "ఆగు" అన్నడు తాత. "పాకాల అంటే మన పాకాలనా?"

ఔ నాయినా అన్న.

"మన మడికి వచ్చే నీళ్లా?"

ఔ అన్న.

"ఆ మూటల బియ్యం ఆ నీళ్లయే గద రా" అన్నడు. చానసేపు నంది దిక్కు చూసుకుంట కూసున్నడు. పుట్టినకాడి నుంచి ఆ తూము నీళ్ల కొరకు రాత్రులు కాపలా పన్న మనిషి, అది ఎవరి కాలంల కట్టిందో అప్పటి దాక ఎవరు చెప్పలే ఆయనకు. ఆఖరుకు అన్నడు, "ఇంత మంచి సంగతి ఆరు నెలల సంది నాకు చెప్పకుంట ఎట్ల ఉన్నవ్ రా?"

అంతే అన్నది. పొద్దుమీకి బస్సు ఎక్కుకుంట సైకిలుల గాలి చూసుకోమన్నడు. ఆ తర్వాత ఊరికి పోయినప్పుడల్ల అరుగు మీద కూసోబెట్టి, నలుగురిని పిలిచి నాతోని పాఠం చెప్పిచ్చేటోడు. డిగ్రీ నడుమల ఇడిసిపెట్టుడు వేరే సంగతి, అది ఆ కరువు ఏడు, తాత తప్పు కాదు.

నువ్వు ఎకనామిక్స్ రాసిచ్చినా, ఆంత్రోపాలజీ రాసిచ్చినా నేను కాదనను. రాసియ్యకుంటే గూడ పాయె, అత్తమ్మ చెప్పింది తప్పని చెప్పు. నా కడుపుల కలుక్కుమన్నది ఎందుకంటే, జాతర బస్సుల పరాయోళ్లు చెప్తే మాకు తెలుసుడు. నేను అరుస్తనని దాసినవా? నీ ముంగట నేను ఎప్పుడన్న గట్ల అరిసిన్నా? అరిస్తే గూడ చెప్పు, నేను మార్చుకుంట.

పార్సిల్ చేసిన. సకినాలు రెండు డబ్బాలు, ఒకటి నీది, ఒకటి రూము పిల్లలది, కలపకు. మామిడికాయ తొక్కు సీసా ప్లాస్టిక్ కవర్ల చుట్టిన, నూనె కారితే బట్టలు పాడైతయి, ముందు అదే తియ్యి. మేడారం బెల్లం ముక్క చిన్న మూటల ఉన్నది, కండ్లకద్దుకోని తిను. అమ్మ స్వెట్టరు గూడ పెట్టింది, వద్దన్న గూడ వినలే, అక్కడ ఇంకా చలి ఉన్నదని టీవీల చూసిందట. ఎండాకాలం సెలవులకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ బుకింగ్ తెరవంగనే చేసుకో, కాజీపేటల దిగు, నేనొస్త. కింది బెర్తు తీసుకో.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను అరుగు మీదనే ఉంట, ఫోను చేతుల పట్టుకోని. నానమ్మను గూడ కూసోబెడ్త, ఆమెకు వినపడదు గని స్పీకరు పెడ్త. ఆ రైతు సంగతి ఏ సబ్జెక్టులకు వస్తదో అప్పుడు చెప్పు. తొందరేం లేదు, పూర్తిగ చెప్పు, ఛార్జింగ్ నిండ పెట్టుకో.

పైలం బిడ్డా.

మీ బాపు